నెగ్రోనీలోకి ఏ జిన్? ఖరీదైనది పోస్తే దండగేనా?

చేదుప్రియ:
నెగ్రోనీ కాక్‌టెయిల్ కొలత తెలిసిందే: జిన్, కంపారి (చేదుగా ఉండే ఎర్రటి ఇటాలియన్ మద్యం), స్వీట్ వెర్మూత్ (మూలికలు వేసిన తీపి వైన్) తలా 30 మి.లీ. ఇంట్లో టాంకరే జిన్ ఉంది, దానికంటే ఖరీదైన హెండ్రిక్స్ జిన్ కూడా ఉంది. కంపారి చేదు ముందు హెండ్రిక్స్‌లోని దోసకాయ, గులాబీ వాసనలు నిలుస్తాయా? తేల్చి చెప్పండి.

మంచుగడ్డ:
నిలవవండీ, దండగే. కంపారిలో చేదుతో పాటు తీపి కూడా గట్టిగానే ఉంటుంది. వెర్మూత్ ఇంకాస్త తీపి తెస్తుంది. ఆ రెండింటి మధ్య జిన్ ఉన్నట్టు తెలియాలంటే జునిపర్ (జిన్‌కి అసలు వాసన ఇచ్చే కాయ) ఘాటు కావాలి. టాంకరేలో వేసే దినుసులు నాలుగే: జునిపర్, ధనియాలు, ఏంజెలికా వేరు, అతిమధురం. అందుకే దాని వాసన సూటిగా ముక్కుకి తగులుతుంది. హెండ్రిక్స్‌ని టానిక్ వాటర్‌తో కలుపుకోవడానికి ఉంచుకోండి.

తూర్పుగాలి:
ఒప్పుకోను. గులాబీ విడిగా తెలియకపోవచ్చు, కానీ చేదు మెత్తబడుతుంది. మొదటిసారి తాగేవాళ్ళకి ఆ గ్లాసే నచ్చడం చాలాసార్లు చూశాను. 1919 ప్రాంతంలో ఫ్లోరెన్సులో కౌంట్ కమిల్లో నెగ్రోనీ తన అమెరికానోలో (కంపారి, వెర్మూత్, సోడా కలిపిన డ్రింక్) సోడా బదులు జిన్ పోయమన్నాడని కదా చెప్పుకుంటారు. ఫలానా బ్రాండే పోయాలని ఆ కథలో లేదు.

లెక్కలపంతులు:
ధర, దినుసులు పక్కన పెట్టి సీసా మీద ఆల్కహాల్ శాతం చదవండి. అమెరికాలో అమ్మే టాంకరే 47.3 శాతం. అదే పచ్చ సీసా బ్రిటన్‌లో అంతకంటే తక్కువ. మన దేశంలో తయారయ్యే జిన్‌లు చాలావరకు 42.8. యూరప్‌లో జిన్ అనిపించుకోవడానికి కనీసం 37.5 ఉంటే చాలు.

కంపారి 25, వెర్మూత్ 16 శాతం అనుకుందాం. 47.3 జిన్‌తో 90 మి.లీ. డ్రింక్ సుమారు 29 శాతం అవుతుంది, 37.5 జిన్‌తో 26. ఐస్ కరిగి మరో 25 మి.లీ. నీళ్ళు చేరితే మొదటిది 23కి, రెండోది 20కి దిగుతుంది. మూడు శాతమేగా అనుకోకండి. ఘాటు తగ్గిన కొద్దీ తీపి పైకి తేలుతుంది, చివరికి షర్బత్ తాగినట్టుంటుంది. డాలస్‌లో ఉన్నవాళ్ళూ హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళూ ఒకే బ్రాండ్ మీద కొట్టుకోవడానికి సగం కారణం ఇదే. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకటే సరుకు కాదు.

మిరియాలపొడి:
మన గోవా జిన్‌ల సంగతేంటి? గ్రేటర్ దాన్ లండన్ డ్రై పద్ధతిలో చేసిందే, జునిపర్ ముందుంటుంది, నెగ్రోనీకి హాయిగా సరిపోతుంది. స్ట్రేంజర్ అండ్ సన్స్‌లో నిమ్మజాతి తొక్కలు, మిరియాలు, జాపత్రి ఉంటాయి. గ్లాసు మీద నారింజ తొక్క పిండగానే ఆ వాసనలు కలిసిపోతాయి. అది సున్నితమైన జిన్ కాదు, కంపారికి జడవదు.

మంచుగడ్డ:
@తూర్పుగాలి గారూ, ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. రెండు గ్లాసులు, ఒకే వెర్మూత్, ఒకే సైజు ఐస్. ఏది ఏదో మీకు తెలియకుండా ఇంకొకరిని పోయమనండి. మొదటి గుక్కలో తేడా పెద్దగా ఉండదు. పది నిమిషాలు ఆగి మళ్ళీ వాసన చూడండి. జునిపర్ గట్టిగా ఉన్న గ్లాసులో దేవదారు జిగురు లాంటి వాసన ఇంకా ఉంటుంది. రెండో దాంట్లో నారింజ, తీపి, చేదు తప్ప ఇంకేమీ మిగలవు.

పాతసీసా:
అందరూ జిన్ మీదే పడ్డారు. ఆ వెర్మూత్ మూత తీసి ఎన్నాళ్ళయింది? అది వైన్. తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెల, రెండు నెలల్లో అవగొట్టాలి. బయట అలమరలో ఏడాదిగా ఉన్న వెర్మూత్‌తో ఏ జిన్ పోసినా ఒకటే.

తూర్పుగాలి:
@మంచుగడ్డ అన్నా, సమానంగా పోస్తే మీరన్నది నిజమే కావచ్చు. హెండ్రిక్స్ 45, మిగతావి 20 చొప్పున పోసి చూడండి. చాలా బార్లలో జిన్ ఎక్కువ పోసే అలవాటు ఉన్నదే.

మంచుగడ్డ:
పోయొచ్చు, బాగానే ఉంటుంది. కానీ ఖరీదైన జిన్ ఒకటిన్నర రెట్లు పోసి, కంపారి మూడో వంతు తగ్గిస్తే గానీ రుచి తెలియడం లేదంటే, ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు దొరికినట్టే కదా?

చేదుప్రియ:
సరే, నెగ్రోనీకి టాంకరేనే. నా వెర్మూత్ సంక్రాంతికి తీసింది, బయటే ఉంది. ముందు కొత్తది తెస్తాను, 45-20-20 ఆ తర్వాత.