చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్న మాడిఫైడ్ ఆక్టావియా ఆర్ఎస్: కొనొచ్చా, వదిలెయ్యాలా?

నయీంనగర్ తమ్ముడు
అన్నలందరికీ నమస్తే. ఆరేండ్ల సంది ఒక్క బండి కోసమే పైసలు జమ చేస్తున్న: స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230 కారు. ఇప్పుడు హైదరాబాద్‌ల ఒకటి దొరికింది. 2018 మాడల్, 62 వేల కిలోమీటర్లు, ఇద్దరు ఓనర్లు. అమ్మేటాయన 19 లక్షల 50 వేలు చెప్తుండు. రీమ్యాప్ చేయించిండు (పవర్ పెరిగేటట్టు ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించుడు), టర్బో నుంచి పొగ బయటికి పోయే డౌన్‌పైప్, గాలి లోపలికి పోయే ఇంటేక్ మార్చిండు, వెనక పెద్ద ఎగ్జాస్ట్ పెట్టిండు. మీటర్ల పసుపు ఇంజిన్ బొమ్మ వెలుగుతున్నది. "డౌన్‌పైప్ మారిస్తే అందరికీ వస్తది, పట్టించుకోకు" అంటుండు. ట్రయల్ నడిపిన. రెండో గేర్ల తొక్కితే వీపు సీటుకు అతుక్కున్నది, ఎక్కడా జర్క్ లేదు. బాపుకు బండి సంగతి చెప్పిన, లైటు సంగతి చెప్పలే. అడ్వాన్స్ 50 వేలు అడుగుతుండు. ఇయ్యాల్నా?

కాజీపేట జంక్షన్
ఇయ్యకు. ఎవరో సరదా తీరా తొక్కి, లైటు పడ్డంక అమ్ముతున్న బండి. నువ్వు ఆరేండ్లు జమ చేసిన పైసలు తమ్మీ. స్టాక్ బండి, అంటే కంపెనీది ఏదీ మార్చనిది, దొరికేదాక ఆగు.

కరీంనగర్ టర్బో
గట్ల భయపడితే మాడిఫైడ్ బండి ఎవరూ కొనలేరు. ఆ లైటు ఎందుకు వస్తదో ముందు తెలుసుకుందాం. ఎగ్జాస్ట్‌ల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటది. దాని ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి. క్యాట్ సక్కగ పనిచేస్తుంటే వెనక సెన్సర్ రీడింగ్ నిలకడగ ఉంటది. క్యాట్ లేని డౌన్‌పైప్ పెడితే వెనక సెన్సర్‌కు కూడా ముందుదాని లెక్కనే కనవడ్తది. కంప్యూటర్ "క్యాట్ పాడైంది" అనుకొని పి0420 కోడ్ రాసి లైటు వెలిగిస్తది. ఇంజిన్‌కు ఏ రోగమూ లేదు. నేను ఇదే లైటుతోని రెండేండ్ల సంది తిరుగుతున్న, ఒక్కనాడు రోడ్డు మీద ఆగలే. లైటు పేరు చెప్పి లక్షన్నర తగ్గించుకో, తీసుకో.

షెడ్డు పని 22 ఏండ్లు
కరీంనగర్ తమ్ముడు సెన్సర్ల గురించి చెప్పింది నిజం. గానీ "ఇంజిన్‌కు ఏ రోగమూ లేదు" అన్న మాట బండి చూడకుండ ఎట్ల చెప్తవు? ఇంజిన్ బొమ్మ ఒక్కటే దీపం. దాని వెనక వందల కోడ్లు ఉంటయి. డౌన్‌పైప్ కోడ్‌తోని దీపం ముందే వెలిగి ఉంటే, రేపు పెట్రోల్-గాలి మిక్స్చర్ పల్చబడ్డా, టర్బో ప్రెషర్ పడిపోయినా ఆ దీపంల నీకు కొత్తగ కనవడేది ఏదీ ఉండదు. దీపానికి అలవాటు పడ్డోడు చూసుడే మానేస్తడు. నా షెడ్డుకు వచ్చే టర్బో బండ్లల్ల సగం గిట్ల అలవాటు పడ్డ ఓనర్లవే. నాకు బాధ అక్కడనే.

ఇంకో సంగతి. డౌన్‌పైప్‌కు తగ్గట్టు స్టేజ్ 2 మ్యాప్ (రీమ్యాప్‌ల పై మెట్టు) సక్కగ రాసినోడు వెనక సెన్సర్ లెక్కను సాఫ్ట్‌వేర్‌ల చూసుకుంటడు, ఆ లైటు రాదు. ఈ బండిల వస్తున్నదంటే పైప్ ఒకరు పెట్టిండ్రు, మ్యాప్ ఇంకొకరు రాసిండ్రు, లేకపోతే పైప్‌కు తగని మ్యాప్ నడుస్తున్నది. ఎవరు రాసిండ్రో, ఏ స్టేజో, కాగితం ఉన్నదో అడుగు. మళ్లా ఈ గేర్‌బాక్స్ ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్చుల ఆటోమేటిక్, ఆ క్లచ్చులు ఆయిల్‌ల మునిగి ఉంటయి. 60 వేలకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలె. బండి 62 వేలు తిరిగింది. బిల్లు అడిగినవా? ఫ్యాక్టరీ నుంచి 350 న్యూటన్ మీటర్ల టార్క్‌తోని వచ్చిన బండి అది. మ్యాప్ చేసినంక ఆ క్లచ్చుల మీద పడే బరువు ఎంత పెరుగుతదో చూసుకో.

ముందుగాల ఇది చెయ్. పొద్దున ఆరింటికి చెప్పకుండ పో. బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగ ఉంటే నీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టిండని అర్థం, ఇంకోనాడు పో. చల్లగ ఉంటే ఇగ్నిషన్ మాత్రం ఆన్ చెయ్, ఇంజిన్ బొమ్మ వెలుగుతదా చూడు. స్టార్ట్ చేసి వెనక నిలబడి విను. తర్వాత కోడ్లు చదివే స్కానర్ పెట్టు. కోడ్ల జాబితా ఒక్కటే కాదు, "కోడ్లు చెరిపినంక తిరిగిన దూరం" అని ఒకటి ఉంటది, "రెడీనెస్" అని ఇంకొకటి, కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేసిందా లేదా చెప్పేది. ఆ రెండూ చూడకుండ అడ్వాన్స్ ఇయ్యకు.

జనగామ దారి
అన్న చెప్పిన రెడీనెస్ మాట నాకు నాలుగేండ్ల కింద తెలిసుంటే బాగుండేది. నేను కొన్న టర్బో హ్యాచ్‌బ్యాక్‌ల లైటే లేదు. మీటర్ అద్దంలెక్క శుభ్రంగ ఉన్నది. సంతోషంగ ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కిన. జనగామ దాటినంక లైటు వెలిగింది, రెండు నిమిషాలల్ల టపటప కొట్టుకునుడు మొదలువెట్టింది, బండి ఊగుతున్నది. పెట్రోల్ కాలకుండ బయటికి పోతున్నది, అందుకే లైటు కొట్టుకుంటదని నాకు తెల్వదు. ఇల్లు దగ్గరనే గదా అని స్టేషన్ ఘన్‌పూర్ దాక నడిపిన. అది నా తప్పు. అక్కడికెళ్లి లారీ మీద ఎక్కించి హన్మకొండ తెచ్చిన. అమ్మినోడు ఆ పొద్దున్నే కోడ్లు చెరిపిండు. చెరిపితే కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లా మొదటి నుంచి చేసుకోవాలె, అందుకు కొంత దూరం, కొంత టైం పడ్తది. నేను ఆ సందులనే కొన్న. మూడో సిలిండర్ పిస్టన్ పగిలింది. ఇంజిన్ విప్పి కట్టేసరికి రెండు లక్షల 70 వేలు.

కరీంనగర్ టర్బో
అన్నా, నీకు జరిగినదానికి బాధగ ఉన్నది. గానీ నా మాట దీనితోని ఇంకా గట్టిపడ్తది. వెలుగుతున్న లైటును దాయకుండ చూపెట్టినోడు, చెరిపి అమ్మినోడికంటే నయం గాదా?

షెడ్డు పని 22 ఏండ్లు
నయమే. అందుకే నేను వదిలెయ్ అనలేదు, చూసి కొనమన్న. గానీ చూపెట్టినోడు చెప్పిన కారణమే అసలు కారణం అనుకోవద్దు.

ఓరుగల్లు వకీలు
యంత్రం సంగతి మీరు చూసుకుంటున్నారు, నేను కాగితం సంగతి చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అని ఉంది. కొన్న తర్వాత యజమాని మీరే. మార్చింది పాత యజమాని అని నిరూపించుకునే శ్రమ మీకెందుకు? బండి ఇంకా బ్యాంకు లోన్‌లో ఉందేమో ఆర్‌సీలో చూడండి. ఉంటే లోన్ తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా డబ్బు కదిలించవద్దు. బండి మీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగానే జరగాలి.

కరీంనగర్ టర్బో
సార్, రోడ్డు మీద డౌన్‌పైప్ చూసేటోడు ఎవడున్నడు? నన్ను ఎవ్వరూ ఆపలే.

ఓరుగల్లు వకీలు
పోలీసు ఆపకపోవచ్చు బాబూ. యాక్సిడెంట్ అయితే బీమా సర్వేయర్ బండి కిందికి వంగి చూస్తాడు. మార్పులు బీమా కంపెనీకి చెప్పలేదన్న కారణంతో సొంత నష్టం క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. 19 లక్షల బండికి ఆ భయంతో తిరగగలరా? కొంటే స్టాక్ డౌన్‌పైప్ కూడా ఇమ్మని అడగండి. అది లేకపోతే ధర మాట్లాడకండి.

నయీంనగర్ తమ్ముడు
పోయి వచ్చిన అన్నా. ఆరున్నరకు చేరుకున్న, బానెట్ చల్లగనే ఉన్నది. స్టార్ట్ కాంగనే పది పదిహేను సెకండ్లు ఒక పక్క తడబడింది, తర్వాత సర్దుకున్నది. టర్బో కంప్రెసర్ పైపు జాయింట్ దగ్గర వేలు పెడితే ఆయిల్ తడి తగిలింది, అక్కడ క్లిప్పుకు బదులు ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి ఉన్నది. ఎగ్జాస్ట్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. స్కానర్ పెడుతుంటే "మళ్లా ఎందుకు" అన్నడు, నేను పెట్టిన. పి0420 ఉన్నది. దాని కింద పి0303 గూడ ఉన్నది. చెరిపినంక తిరిగిన దూరం 190 కిలోమీటర్లు. స్టాక్ డౌన్‌పైప్ "ఎక్కడో ఉంటది" అన్నడు. గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు లేదు.

షెడ్డు పని 22 ఏండ్లు
పి0303 అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అండ్ల పెట్రోల్ సక్కగ కాలుతలేదు. 190 కిలోమీటర్లల్లనే మళ్లా వచ్చింది. డౌన్‌పైప్‌కు దీనికి సంబంధం లేదు. భయపడకు, ఇది చిన్నదైనా కావొచ్చు. ప్లగ్గుకు కరెంట్ ఇచ్చే కాయిల్ ఉంటది, మూడోదాని కాయిల్ తీసి ఒకటోదానికి పెట్టు, ఒకటోదాని కాయిల్ మూడోదానికి పెట్టి నడుపు. కోడ్ పి0301 అయితే కాయిల్ పోయింది, కొన్ని వేలల్ల పని. మూడులనే నిలిస్తే ప్లగ్గులు ఇప్పి చూడాలె, తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్ల ఒత్తిడి గేజ్‌తోని కొలుసుడు. అరగంట పని. ఆదివారం నేను గూడ వస్త, గేజ్ తీస్కొస్త. పైసలొద్దు.

కాజీపేట జంక్షన్
ఇంకా ఆదివారం దాక ఎందుకు? రెండు కోడ్లు, పైపు లేదు, బిల్లు లేదు. ఇంతకంటే ఏం గావాలె?

కరీంనగర్ టర్బో
కాయిల్ అయితే? అయిదారు వేల పనికి మంచి బండి పోగొట్టుకుంటడు. చూడనియ్యి.

నయీంనగర్ తమ్ముడు
అన్నను తీస్కొని ఆదివారం పోయినం. కాయిల్ మార్చి కొద్దిదూరం నడిపినం, మిస్‌ఫైర్ లెక్క మూడులనే పెరుగుతున్నది. అన్న ప్లగ్గు రెంచ్ బయటికి తీసిండో లేదో, అమ్మేటాయన బానెట్ మూసేసిండు. "ప్లగ్గులు ఇప్పనియ్య. నిజామాబాద్ నుంచి ఒకరు అడ్వాన్స్ ఇస్తున్నరు" అన్నడు. ప్లగ్గే పోయిందో, లోపల పిస్టనే పోయిందో మాకు తెల్వలే. వచ్చేటప్పుడు భువనగిరి దాక నేను మాట్లాడలే, అన్ననే చాయ్ తాగిపిచ్చిండు. ఇంటికొచ్చినంక బాపుకు లైటు సంగతి గూడ చెప్పిన. పైసలు బ్యాంకులనే ఉన్నయి గదా, ఉండనియ్యి అన్నడు.

ఎవరి ఎరుకల ఆర్ఎస్ ఉన్నా చెప్పండి. లైటు వెలిగినా సరే, ప్లగ్గులు ఇప్పనిస్తే చాలు.