వేరే గ్రహం మీద ప్రాణులుంటే మన ఆచారం ఎక్కడ ఇరుక్కుంటుంది?

హన్మకొండ పంతులు

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో పౌరోహిత్యం చేసుకునేవాణ్ణి. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, పెళ్లి, తద్దినం, దేనికి పిలిస్తే దానికి వెళ్తాను. ఖాళీ దొరికితే ఫోన్‌లో ఖగోళశాస్త్రం వీడియోలు చూస్తాను. పంచాంగం మీద బతికేవాడికి ఆకాశం మీద ఆసక్తి లేకపోతేనే వింత.

పోయిన నెల నయీంనగర్‌లో గృహప్రవేశం చేయిస్తున్నాను. సంకల్పంలో "జంబూద్వీపే భరతవర్షే భరతఖండే" దాటి "కృష్ణా గోదావర్యోః మధ్య ప్రదేశే" దాకా వచ్చేసరికి పీటల మీదున్న అబ్బాయి ఆపాడు. డల్లాస్‌లో ఉండొచ్చినవాడు. "అయ్యగారూ, అక్కడ మా పంతులుగారు క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అనేవారు. రేపు అంగారకుడి మీద ఇల్లు కట్టుకుంటే ఏమనాలి?" చుట్టాలంతా నవ్వారు. నేనూ నవ్వేసి, అక్షతలు తీసుకోమన్నాను. బండి మీద ఇంటికొస్తుంటే ప్రశ్న ఇంకో మలుపు తిరిగింది. మనం అక్కడికి పోవడం సరే, అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే?

ముందే ఒక విన్నపం. "ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉంది" అని మాత్రం రాయకండి. పద్నాలుగు లోకాలు, అఖిలాండకోటి బ్రహ్మాండాలు నాకు తెలుసు, రోజూ వల్లించేది నేనే. పోతనగారి బమ్మెర మనకు ఎంత దూరమని? "లోకంబులు లోకేశులు లోకస్థులు" పద్యం చిన్నప్పుడే కంఠస్థం చేయించారు. అన్ని లోకాలూ అంతమైపోయాక మిగిలే ఆ పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి కొలుస్తానన్న మాట అది. అంత పెద్ద ఊహలో ఇంకో గ్రహానికి చోటుంటుంది, కాదనను. కానీ చోటుండటం వేరు, అందులో ఎవరో కాపురముంటున్నారని తెలియడం వేరు. టెలిస్కోపుల వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి ఏదో కనిపెట్టగానే "మాకు ముందే తెలుసు" అనడం నాకు సిగ్గుగా ఉంటుంది.

నా ఇబ్బంది తత్వంలో కాదు, ఆచారంలో. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడం. అలాంటివి 30 అయితే నెల. అంగారకుడికి ఇద్దరు చంద్రులు. దగ్గరది ఫోబోస్, 7 గంటల 39 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది. దాన్ని 30 చేస్తే తిథికి పావుగంట. అంటే ఏకాదశి ఉపవాసం పదిహేను నిమిషాలు, రోజుకు మూడు అమావాస్యలు! పైగా అది పడమర ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. రెండోది డీమోస్, దానికి ముప్పై గంటల పైన పడుతుంది. ఏ చంద్రుణ్ణి పట్టుకుని ముహూర్తం పెట్టాలి? రాహుకాలం సంగతి అసలే అడగకండి.

ఇంకోటి కూడా ఉంది, చెప్పాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. మాఘంలో మా నాన్నగారి తద్దినం. పిండం విస్తరాకులో పిట్టగోడ మీద పెట్టి కాకి కోసం చూస్తున్నాం. ఈసారి ఎంతకీ రాలేదు. నువ్వులు ఎండకు మెరుస్తున్నాయి, చీమలు అప్పుడే బారు కట్టాయి. ఆయన మళ్లీ పుట్టాలంటే ఈ భూమ్మీదే పుట్టాలని రూలేముంది అనిపించింది. పితరుడు దేవతైతే మనం పెట్టింది అమృతంగా చేరుతుందని, పశువైతే గడ్డిగా చేరుతుందని పెద్దలు చెబుతారు. నేనే ఎంతోమందికి చెప్పాను. ఎవరూ చూడని ఒక సముద్రంలో ఆయన ఒక పేరులేని ప్రాణిగా ఉంటే? ఆ లెక్కన చేరాలి. చేరుతుందనే నమ్ముతాను. కానీ ఆ పూట మంత్రం చెబుతుంటే గొంతు ఎప్పటిలా పలకలేదు.

కాబట్టి దేవుడున్నాడా, ఏలియన్స్ ఉన్నారా అన్న చర్చ నాకొద్దు. ఉన్నారని రేపు రుజువైందనుకోండి, మీ నమ్మకంలో, మీ రోజువారీ పద్ధతిలో సరిగ్గా ఏ చోట ఇరుక్కుంటారు? ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా చెప్పండి.

ఫిజిక్స్ సార్ (రిటైర్డ్)

పంతులు గారూ, ఫోబోస్ లెక్క సరిగ్గా వేశారు, పదికి పది.

రుజువు సంగతి కొంచెం నెమ్మదిగా చూద్దాం. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లో నిక్కు మధుసూదన్ గారి బృందం కె2-18బి అనే గ్రహం గురించి ప్రకటించింది గుర్తుందా? మనకు 124 కాంతి సంవత్సరాల దూరం, మీ భాషలో సింహరాశి దిక్కున. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో చూస్తే దాని గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ లాంటి వాయువు ఆనవాళ్లు కనిపించాయన్నారు. మన భూమ్మీద అది ముఖ్యంగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. టీవీల్లో ఇక బంధువులు దొరికినట్టే హడావుడి. కానీ వాళ్లే 3 సిగ్మా అన్నారు (సిగ్మా అంటే ఆ గుర్తు కాకతాళీయం కాదని ఎంత గట్టిగా నమ్మొచ్చో చెప్పే కొలత), ఈ రంగంలో ఖాయం అనాలంటే 5 సిగ్మా కావాలి. అదే డేటాను వేరేవాళ్లు మళ్లీ విశ్లేషించి, ఆ గుర్తు అంత గట్టిగా లేదన్నారు. ఇంకా తేలలేదు.

మన దగ్గరి కథ కూడా ఒకటుంది, చాలామందికి తెలియదు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి పెద్ద బెలూన్ ఎగరేసి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టుకొచ్చారు. ఖగోళ శాస్త్రవేత్త నార్లికర్ గారు ఆ పని వెనక ఉన్నారు. హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబ్‌లోనూ పుణేలోనూ పరీక్షిస్తే అంతకుముందు ఎవరూ చూడని మూడు బాక్టీరియా జాతులు దొరికాయి, అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకునేవి. ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు, ఒకదానికి ఇస్రో పేరు. అవి పైనుంచి వచ్చాయని మాత్రం తేలలేదని 2009లో ఇస్రోనే చెప్పింది. నాకు నచ్చింది ఆ మాటే.

అందరూ ఏలియన్ అనగానే పీటల మీద కూర్చునే మనిషినే ఊహిస్తున్నారు. దొరికితే మొదట దొరికేది నాచో, బాక్టీరియానో. దానికి ఉపనయనం అక్కర్లేదు.

నేనెక్కడ ఇరుక్కుంటానంటారా? నేను నాస్తికుణ్ణి. మతం మనిషి భయంలోంచి పుట్టిందని సర్వీసంతా పిల్లలకు చెప్పాను. తెలివైనవాళ్లే దొరికి, వాళ్లూ దేనికో దండం పెడుతుంటే? అప్పుడు అది మనిషికి మాత్రమే ఉన్న జబ్బు అనలేను కదా. ఆ రోజు మా ఇంట్లో మా ఆవిడ ముందు తలెత్తుకోలేను.

బాలసముద్రం బ్యాచ్

అయ్యగారూ, ఫోబోస్ మీద సంభావన తిథికి ఒకసారా, రోజుకు ఒకసారా? తిథికైతే నేను రేపటి నుంచే వేదం నేర్చుకుంటా.

దర్గా కాజీపేట

పంతులు గారూ, ఆదాబ్. నేను సెల్ షాప్ నడుపుకునేవాణ్ణి, ఆలిమ్‌ను (మతపండితుణ్ణి) కాదు. నాకు తెలిసినంతలో రాస్తున్నా, తప్పుంటే పెద్దలు దిద్దాలి.

మనిషి కాని బాధ్యతగల ప్రాణి అనే ఆలోచన మాకు కొత్త కాదు. జిన్నాతులు ఉన్నాయి, పొగలేని అగ్నితో పుట్టినవి, వాటిలోనూ నమ్మినవాళ్లు, నమ్మనివాళ్లు ఉంటారు, వాటికీ లెక్క అప్పజెప్పే రోజు ఉంది. ఖురాన్‌లో షూరా అధ్యాయం 29వ వాక్యంలో ఆకాశాల్లోనూ భూమిలోనూ జీవులను వ్యాపింపజేశాడని ఉంది. అవి దైవదూతలు అని చెప్పిన పాత పండితులున్నారు, వేరే గ్రహాల ప్రాణులని ఇప్పటివాళ్లు కొందరంటారు. మీరు వద్దన్నారు కాబట్టి "మాకు ముందే తెలుసు" అనను.

ఆచారం సంగతికొస్తే మీ తిథిలాంటి చిక్కు మాకు ఒకసారి నిజంగానే వచ్చింది. 2007లో మలేషియా నుంచి షేక్ ముస్జాఫర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు, అదీ రంజాన్‌లో. అక్కడ రోజుకు పదహారు సార్లు సూర్యోదయం. ఐదు పూటల నమాజ్ ఎలా చేయాలి? ఖిబ్లా, అంటే నమాజ్‌లో తిరగాల్సిన కాబా దిక్కు, ఎటు? వాళ్ల ఉలేమా (మతపండితులు) ముందే కూర్చుని నియమాలు రాశారు. సమయాలకు రాకెట్ బయలుదేరిన బైకనూర్ టైం పెట్టుకోమన్నారు. దిక్కుకు వీలైతే కాబా, లేకపోతే దాని పైనున్న ఆకాశం, అదీ కాకపోతే భూమి, అదీ కుదరకపోతే ఎటైనా సరే. అది చదివినప్పుడు చాలా సంతోషమైంది నాకు. కుదరదని మనిషిని ఆపలేదు, దారి చూపించారు.

మా మసీదులో ఒక పెద్దాయన్ని మీ ప్రశ్న అడిగాను. "ముందు నువ్వు ఐదు పూటలూ రా, ఆ తర్వాత వాళ్ల సంగతి చూద్దాం" అన్నారు.

తాడ్వాయి రోడ్డు

మీరంతా పెద్ద పెద్ద దేవుళ్ల గురించి మాట్లాడుతున్నరు. మాది మేడారం పక్క. మా సమ్మక్క తల్లి సృష్టినంతా ఏలుతదని మేమెన్నడూ అనలే. కాకతీయుల సైన్యంతోని కొట్లాడింది, మా కోసం ప్రాణమిచ్చింది, చిలకలగుట్ట మీద కుంకుమ భరిణెగా దొరికింది. ఆ గుట్ట మీదికెళ్లే వడ్డెలు (మా పూజారులు) తీసుకొస్తరు. గుట్టను తీసి వేరే గ్రహం మీద పెడితే అమ్మ అక్కడికి వస్తదా? రాదు. రావాల్సిన పని కూడా లేదు.

అక్కడ ఎవరన్నా ఉంటే వాళ్లను ఏదో రాజు సతాయించే ఉంటడు. వాళ్ల కోసం కొట్లాడినోళ్లు వాళ్లకుంటరు. వాళ్లు ఇటొస్తే మాత్రం జంపన్నవాగుల మునిగి, బంగారం నెత్తి మీద పెట్టుకొని లైన్ల నిలబడాలె. లైన్ల ఎవరికీ మినహాయింపు లేదు, వీఐపీ పాసోళ్లకు తప్ప.

(బయటి ఊరోళ్ల కోసం: బంగారమంటే బెల్లం. నిజం బంగారం తెస్తరని చూడకండి.)

ఫాతిమానగర్ నర్స్

పంతులు గారికి వందనాలు. ముందుగా మీ నాన్నగారి గురించి రాసింది చదివి నైట్ డ్యూటీలో కాసేపు ఊరికే కూర్చున్నాను.

మేం క్యాథలిక్కులం. ఈ విషయంలో మా సభ పెద్దలేం భయపడలేదు. వాటికన్‌కు సొంత అబ్జర్వేటరీ ఉంది, దాని అప్పటి డైరెక్టర్ ఫాదర్ ఫూనెస్ 2008లోనే వేరే గ్రహాల ప్రాణులను మన సోదరులనవచ్చని ఇంటర్వ్యూలో చెప్పారు. "ఈ దొడ్డివి కాని వేరే గొర్రెలును నాకు కలవు" అన్న యోహాను సువార్త మాట కొందరు దీనికి వాడతారు. ప్రభువు అన్నది యూదులు కాని జనం గురించి అని మాకు నేర్పారు, కాబట్టి నేను దాన్ని సాగదీయను.

ఇరుక్కునే చోటు అడిగారు కదా, మాకు నిజంగా ఉంది. దేవుడు మనిషిగా పుట్టాడు, ఒక్కసారే, ఒక్క ఊళ్లో, సిలువ మీద ఒక్కసారే చనిపోయాడు. అది అందరి కోసం. ఆ "అందరి"లో వాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? లేకపోతే అక్కడ కూడా ఆయన ఇంకోసారి పుట్టి, ఇంకోసారి కొట్టించుకోవాలా? ఆ రెండోది నేను ఊహించలేను. వాళ్లు అసలు పాపమే చేయలేదేమో, అప్పుడు ఆ అవసరమే లేదేమో అని మా ఫాదర్ అన్నారు. అది మాత్రం నాకు నచ్చింది. అలాంటి వార్డులో ఒక్క రోజు డ్యూటీ పడినా చాలు.

హన్మకొండ పంతులు

అందరికీ ధన్యవాదాలు. ఇంత బాగా రాస్తారనుకోలేదు.

కాజీపేట భాయ్, మీ బైకనూర్ మాట నా సగం చిక్కు తీర్చింది. అంగారకుడి మీద మనవాళ్లుంటే తిథి భూమి చంద్రుడిదే, టైం బయలుదేరిన ఊరిదే. కల్పం, మన్వంతరం ఎలాగూ మారవు, అవి బ్రహ్మగారి లెక్క. ద్వీపం, వర్షం, ఖండం మాత్రం ఎవరైనా పండితులు కూర్చుని తేల్చాలి. అమెరికాకు తేల్చలేదూ?

తాడ్వాయి తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా సంకల్పం కూడా అదే పని చేస్తుంది. ఫలానా నదుల మధ్య, ఫలానా కొండకు ఇటువైపు, ఫలానా గోత్రంవాణ్ణి నేను అని చెప్పుకున్నాకే దేవుణ్ణి పిలుస్తాం. అంత దేవుణ్ణి పిలవడానికి ఇంటి అడ్రస్ చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు, మనకుంది.

సార్, నాచు అన్నారు. నాచులోనూ జీవుడున్నాడనే మా మాట, కాబట్టి బాక్టీరియా దొరికినా మాకు సంగతి చిన్నదేం కాదు.

సిస్టర్, మీరు దాచకుండా చెప్పారు కాబట్టి నేనూ చెప్పాలి. అవతారాల విషయంలో మాకు ఇరుకు లేదు, ఎన్నైనా రావచ్చు, చేపగా వచ్చినవాడికి ఏ రూపమైతేనేం. నాకు గుచ్చుకునేది వేరే. భారతవర్షమే కర్మభూమి, మిగతావన్నీ భోగభూములు, దేవతలు కూడా ఇక్కడ పుట్టాలని కోరుకుంటారు అని విష్ణుపురాణంలో ఉంది. దాన్ని ఎన్ని ఉపన్యాసాల్లో చెప్పానో. అక్కడెక్కడో ఒక ప్రాణి తన పిల్ల కోసం ఆకలితో ఉండి, పక్కవాడిది దొంగిలించకుండా ఆగిందనుకోండి. అది కర్మ కాదా? దానికి మోక్షం కావాలంటే ముందు హన్మకొండలో పుట్టాలా? నాకైతే ఆ మాట మీద మనసు నిలవట్లేదు. తమ నేల మీద ప్రేమతో పెద్దలు అన్న మాటగా తీసుకుని, మిగతా పురాణాన్ని అలాగే ఉంచుకుంటాను.

వచ్చే పౌర్ణమికి మా గురువుగారి దగ్గరికి వెళ్తున్నాను, ఈ ముక్క ఆయన్నే అడుగుతాను. తిడితే తిట్టిన మాటలతో సహా ఇక్కడ రాస్తాను.