పాత బాక్‌స్టర్‌కు ఇగ్నిషన్ స్విచ్ ఒక్కటే మార్చాలా, తాళం మొత్తం మార్చాలా?

ప్రశ్న:
నా కారు 1999 నాటి పోర్షే బాక్‌స్టర్, 986 శ్రేణికి చెందినది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక తాళంచెవి తనంతట తాను వెనక్కి రావడం లేదు. చేత్తో కాస్త వెనక్కి తిప్పితే తప్ప రేడియో, ఏసీ పనిచేయవు. తాళం వెనక ఉండే ఎలక్ట్రికల్ స్విచ్ ఒక్కటి మారిస్తే చాలని కొందరు, స్టీరింగ్ లాక్‌తో సహా అంతా మార్చాలని మరికొందరు అంటున్నారు. మీ అభిప్రాయాన్ని కారణంతో సహా తెలపగలరు.

జవాబు 1:
అంతా మార్చడమే మంచిది. ఇన్నేళ్లు వాడిన తాళంలో సిలిండర్ (తాళంచెవి దూరి తిరిగే భాగం) కూడా అరిగి ఉంటుంది; అది సాఫీగా తిరగకపోతే కొత్త స్విచ్ మీదా అదే ఒత్తిడి పడుతుంది. పైగా స్టీరింగ్ లాక్ బిగుసుకుపోయిందంటే కారు ఉన్నచోటే ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డ్ కింద ఎలాగూ విప్పుతున్నప్పుడు పని సగంలో ఎందుకు వదలాలి?

జవాబు 2:
పై సభ్యులతో నేను ఏకీభవించలేను. స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) తిరిగేటప్పుడు బ్యాటరీ శక్తి దానికే అందాలని రేడియో, ఏసీ వంటి వాటికి కరెంటును స్విచ్ కావాలనే ఆపుతుంది. తాళంచెవి ఆ స్థానానికి దగ్గరలోనే ఆగిపోతే అవి ఆగినవి ఆగినట్టే ఉంటాయి. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. తాళంచెవిని వెనక్కి నెట్టే స్ప్రింగు ఆ ఎలక్ట్రికల్ భాగంలోనే ఉంటుంది కనుక, ముందు అనుమానించవలసింది దాన్నే.

ఊహతో నిర్ణయించనక్కరలేదు, పరీక్షించి చూడవచ్చు. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, తాళం వెనక రంగు పూసి ఉన్న రెండు చిన్న స్క్రూలను వదులు చేసి స్విచ్‌ను బయటకు లాగండి. దాని మధ్యనున్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ట్ స్థానం దాకా తిప్పి వదలండి. అది వెనక్కి రాకుండా నిలిచిపోతే లోపం స్విచ్‌లో ఉన్నట్టే. చక్కగా వెనక్కి వచ్చి, తాళంచెవి మాత్రం తాళంలో పట్టేస్తుంటే అప్పుడు మొదటి జవాబే సరైనది. అంతా మారిస్తే మరో చిక్కు ఉంది: పాత సిలిండర్‌ను కొత్త లాక్‌లోకి మార్చుకోకపోతే తలుపులకు ఒక తాళంచెవి, ఇంజిన్‌కు మరొకటి అవుతాయి, తాళంచెవిలోని ఇమ్మొబిలైజర్ చిప్పు (దొంగతనం జరగకుండా, సరైన తాళంచెవి ఉంటేనే ఇంజిన్ స్టార్ట్ కానిచ్చేది) సంగతి కూడా చూసుకోవాలి.

జవాబు 1 రాసినవారు:
పరీక్ష న్యాయంగానే ఉంది, కాని ఆ రెండు స్క్రూలను విప్పడం అంత తేలిక కాదు. చోటు చాలా ఇరుకు, పొట్టి స్క్రూడ్రైవర్ లేకపోతే తలలు అరిగిపోతాయి. ముందు ఎడమవైపు గాలి గొట్టాన్ని తీసి దారి చేసుకోమని చెప్పండి. మరొక మాట: ఏ మార్గం ఎంచుకున్నా, బరువైన తాళాల గుత్తిని ఇగ్నిషన్‌కు వేలాడదీయకండి. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది ఇగ్నిషన్ స్విచ్ వల్లనే. పాంటియాక్ సోల్‌స్టిస్, సాటర్న్ స్కై వంటి స్పోర్ట్స్ కార్లూ వాటిలో ఉన్నాయి. నడుస్తుండగా స్విచ్ జారితే ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు.

జవాబు 2 రాసినవారు:
గాలి గొట్టం విషయం నిజమే, అది తీయకుండా చెయ్యి దూరదు. కొత్త స్విచ్ బిగించే ముందు దాని గాడి, తాళంచెవి ఉన్న స్థానం రెండూ కలిసేలా సరిచూడండి. కలవకపోతే బలవంతంగా నొక్కవద్దు, అక్కడే కొత్త ప్లాస్టిక్ పగులుతుంది.