అప్‌డేట్: నోడ్ కదిలినా పాత రూటే మిగిలిపోయే సమస్య తీరింది

పోయిన వారం నేను అడిగింది ఇదీ: ర్యాపిడ్‌నెట్‌లో (నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌ను రూల్స్‌గా రాసుకునే టూల్) ఎన్‌డీలాగ్‌తో (ఆ రూల్స్ రాసే భాష) రాసుకున్న రౌటింగ్ ఎన్‌ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో బాగానే నడుస్తోంది, కానీ నోడ్లు (నెట్‌వర్క్‌లోని పరికరాలు) కదలగానే ప్యాకెట్లు పోతున్నాయి. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

తప్పు రూల్స్‌లో లేదు. నేనేమో నాలుగు రోజులు వాటినే తిరగరాస్తూ టెన్షన్ పడ్డాను. ఏ నోడ్‌కు ఏది పక్క నోడో దాచుకునే లింక్ టేబుల్‌ను ప్రకటించే 'మెటీరియలైజ్' లైన్‌లో వరుసల (రోల) గడువు 'ఇన్ఫినిటీ' అని ఉంది, అంటే అవి ఎప్పటికీ చెరగవు. పక్క నోడ్ రేంజ్ దాటిపోయినా దాని వరుస టేబుల్‌లో అలాగే ఉండిపోతుంది, దాన్ని నమ్ముకున్న పాత్‌లు కూడా ఉండిపోతాయి. ఇప్పుడు గడువు 6 సెకన్లు చేశాను. పక్క నోడ్ నుంచి 'నేనున్నాను' అంటూ 2 సెకన్లకోసారి వచ్చే హలో మెసేజ్ దాన్ని పొడిగిస్తుంది. ఓఎల్‌ఎస్‌ఆర్ (రూట్లను ముందే సిద్ధంగా ఉంచే రౌటింగ్ ప్రోటోకాల్) ప్రమాణంలో ఉన్న అంకెలే ఇవి. వరసగా మూడు హలోలు రాకపోతే లింక్ పోతుంది, దాని నుంచి పుట్టిన రూట్లను ఇంజినే తీసేస్తుంది. ఒక్క డిలీట్ రూల్ కూడా రాయలేదు! డిక్లరేటివ్ పద్ధతి (ఏం కావాలో రూల్‌గా చెబితే ఎలా చేయాలో ఇంజినే చూసుకోవడం) మీద నాకు నిజంగా గురి కుదిరింది ఇక్కడే.

పాత్‌లో ఉన్న నోడ్ మళ్లీ రాకూడదన్న షరతు కూడా చేర్చాను, లూపులు ఆగాయి.

ఇక అసలు పని మొదలుపెట్టాను: పొరుగు నోడ్లు తరచూ మారుతుంటే ఓఎల్‌ఎస్‌ఆర్ నుంచి డీఎస్‌ఆర్‌కు (అవసరమైనప్పుడే రూట్ వెతికే ప్రోటోకాల్) మారే రూల్.