ఇండియన్ బేసిన్ తీసి వెస్టర్న్ కమోడ్ పెట్టించిన తరువాత నీళ్లు దిగడం లేదు: లోపం కమోడ్‌లోనా, కింది గొట్టంలోనా?

ప్రశ్న (హైదరాబాదు, ఫ్లాటు యజమాని):

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటు కట్టి ఇరవై ఏళ్లు కావస్తోంది. మేము ఉండేది రెండో అంతస్తులో. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై కింద కూర్చుని లేవడం కష్టమవుతున్నందున, పోయిన నెలలో బాత్‌రూమ్ టైల్స్ మార్పించినప్పుడే ఇండియన్ బేసిన్ తీయించి ఎస్ ట్రాప్ కమోడ్ (మూతి కిందికి, నేలలోని పైపులోకి తెరుచుకునేది) పెట్టించాను. ప్లంబరు బేసిన్‌ను మాత్రమే పగలగొట్టి, దాని కింద ఉన్న గొట్టం నోట్లో ఒక చిన్న పైపు ముక్కను నిలబెట్టి, చుట్టూ సిమెంటు నింపి, దాని మీద కమోడ్‌ను కూర్చోబెట్టాడు.

అప్పటి నుంచి ఫ్లష్ నొక్కితే నీళ్లు దాదాపు అంచు వరకు లేచి, కాసేపు ఆగి, గుడగుడమని చప్పుడు చేస్తూ దిగుతున్నాయి. బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోసినా అంతే. పది రోజుల తరువాత కమోడ్ అడుగున పూసిన వైట్ సిమెంటు మీద టీ మరకలాంటి గోధుమరంగు గీత ఏర్పడింది. తెల్లవారుజామున తలుపు తీస్తే వాసన వస్తోంది. ప్లంబరు ట్యాంకులో ఒత్తిడి చాలడం లేదంటున్నాడు, దుకాణం వారు కమోడ్‌లో లోపం లేదంటున్నారు. కింది ఫ్లాటు వారి సీలింగుకు తడి దిగకముందే దీన్ని సరిచేయించాలన్నది నా ఆందోళన. దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం (విజయవాడ, ప్లంబింగు పనుల కాంట్రాక్టరు):

మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే కారణం వైపు చూపిస్తున్నాయి. పాతకాలపు ఇండియన్ బేసిన్‌కు తనలో నీళ్లు నిలిపే వంపు ఉండదు కాబట్టి, వాసన పైకి రాకుండా దాని కింద విడిగా ఒక ట్రాప్ (నీళ్లు నిలిచే వంపు గొట్టం) పెట్టి సంకెన్‌లో, అంటే బాత్‌రూమ్ కింద పైపుల కోసం స్లాబును దించి వదిలిన గుంటలో, పూడ్చేవారు. వెస్టర్న్ కమోడ్‌కు ఆ వంపు పింగాణీలోనే ఉంటుంది. మీ ప్లంబరు పాత ట్రాప్‌ను తీయకుండా దాని నోట్లోనే పైపు నిలబెట్టాడంటే ఇప్పుడు ఒకే దారిలో రెండు ట్రాపులు ఉన్నాయి. పైన నీళ్లు, కింద నీళ్లు, మధ్యలో బయటికి దారి లేని గాలి. ఫ్లష్ చేసినప్పుడు ఆ గాలి అడ్డుపడి నీళ్లను పైకి నెడుతుంది, తరువాత బుడగలుగా తప్పించుకుంటూ ఆ చప్పుడు చేస్తుంది. ట్యాంకు మార్చినా, ఇంతకంటే ఖరీదైన కమోడ్ తెచ్చినా ఇది పోదు.

నిర్ధారించుకోవడం సులభమే. కమోడ్‌ను లేపించి పైపులోకి టార్చి వేసి చూడండి. ఎస్ ట్రాప్ కమోడ్ కింద ఉండవలసింది ఖాళీ బెండ్ మాత్రమే. జానెడు లోతులో నీళ్లు నిలిచి మెరుస్తూ కనిపిస్తే అది పాత ట్రాప్. దాన్ని తవ్వి తీసి, 110 మిల్లీమీటర్ల బెండ్‌తో నేరుగా షాఫ్ట్ (అన్ని అంతస్తుల పైపులు కిందికి దిగే సందు) వైపు వెళ్లే పైపుకు కలపవలసిందే. కొత్త టైల్స్ కొన్ని పోతాయని మనసు ఒప్పుకోకపోవచ్చు, కానీ వాటిని కాపాడుకోవడం కోసం ఈ పనిని వాయిదా వేయవద్దు.

సమాధానం (వరంగల్, సైటు ఇంజనీరు):

పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆ గోధుమరంగు గీత విషయం కూడా పట్టించుకోవాలి, ఎందుకంటే అది జాయింటు కారుతోందనడానికి గుర్తు. కమోడ్ మూతికీ పైపుకూ మధ్య సిమెంటు నింపితే మనిషి కూర్చుని లేచిన ప్రతిసారీ కలిగే చిన్న కదలికకే అది పగులుతుంది. అక్కడ రబ్బరు పెదవి ఉన్న పాన్ కనెక్టర్ (కమోడ్ మూతిని పైపుకు కలిపే ముక్క) వాడాలి. కమోడ్‌ను నేలకు స్క్రూలతో బిగించాలి. వైట్ సిమెంటు చూపుకు మాత్రమే, లీకేజీని అది ఆపదు.

ఎలాగూ తవ్విస్తున్నారు కనుక కొలత కూడా సరిచేయించండి. మన దగ్గర దొరికే ఎస్ ట్రాప్ కమోడ్లలో గోడ నుంచి రంధ్రం మధ్యకు 9 అంగుళాలవి, 12 అంగుళాలవి ఎక్కువ. ఈ దూరాన్ని టైల్ ముఖం నుంచి కొలవాలి. ఇటుక గోడ నుంచి కొలిచి పైపు నిలబెడితే, తరువాత ప్లాస్టరు, టైల్ కలిసి అంగుళానికి పైగా తినేసి కమోడ్ వెనక్కి పట్టదు. నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే జరిగాయి.

పైపు మీద ఐఎస్ 13592 (ఈ పైపులకు భారతీయ ప్రమాణం సంఖ్య), టైప్ బి అని ముద్ర ఉందో లేదో మీరే చదవండి; టైప్ ఎ గాలి గొట్టాలకూ వాన నీటికీ ఉద్దేశించినది. వాలు మీటరుకు రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్లు ఉంటే చాలు. రబ్బరు రింగు జాయింటుకు పైపు అంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, సబ్బునీళ్లు రాసి పూర్తిగా దూర్చి, మళ్లీ పది మిల్లీమీటర్లు వెనక్కి లాగమనండి, ఎందుకంటే వేడికి సాగడానికి పైపుకు ఆ చోటు కావాలి. గ్రీజు మాత్రం రాయనివ్వకండి, రబ్బరు పాడవుతుంది.

సమాధానం (విశాఖపట్నం, ఇదే పని చేయించుకున్నవారు):

మీ కమోడ్ వెనుక గోడకు అవతలే షాఫ్ట్ ఉంటే పి ట్రాప్ కమోడ్ గురించి కూడా ఆలోచించండి. దాని మూతి నేల నుంచి సుమారు 180 మిల్లీమీటర్ల ఎత్తులో గోడలోంచి నేరుగా బయటికి వెళుతుంది కాబట్టి కొత్త పైపు సంకెన్‌లోకి దిగనవసరం లేదు. మేము అలాగే చేశాము. రంధ్రం కొట్టేముందు అక్కడ బీము గానీ కాలమ్ గానీ లేదని ఇంజనీరుకు చూపించి నిర్ధారించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న కమోడ్ లేపించాము. టార్చి వేయగానే నీళ్లు కనిపించాయి, పాత ట్రాప్ అలాగే ఉంది. దాని మెడ దగ్గర సిమెంటు పగిలి, సంకెన్‌లో నింపిన ఇటుక ముక్కలు మూడు అంగుళాల లోతు వరకు నల్లబడి ఉన్నాయి. మా షాఫ్ట్ పక్క గోడకు ఉన్నందున పి ట్రాప్ కుదరలేదు. ట్రాప్ తీయించి 9 అంగుళాల కొలతకు కొత్త బెండ్ వేయించాము. సంకెన్ మొత్తం ఖాళీ చేయించాను. స్లాబు ఇంకా తడిగా ఉంది. వాటర్‌ప్రూఫింగు పూత ఎప్పుడు వేయించవచ్చు?

సమాధానం (వరంగల్, సైటు ఇంజనీరు):

తొందరపడవద్దు. రాత్రి స్లాబు మీద రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరచి నాలుగు అంచులూ టేపుతో అంటించండి. తెల్లవారి షీటు అడుగున చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆరలేదని అర్థం. ఫ్యాను పెట్టి ఆరబెట్టి మళ్లీ చూడండి. ఈలోగా కొత్త పైపు షాఫ్ట్ వైపు చివరను మూసి, పైదాకా నీళ్లు నింపి, మట్టం దగ్గర గీత గీసి కొన్ని గంటలు వదిలేయండి. ఆ గీత నుంచి నీళ్లు తగ్గకపోతే జాయింట్లు బాగున్నట్టే. పూత వేశాక సంకెన్‌లో నీళ్లు నింపి ఇరవై నాలుగు గంటలు ఉంచి, కింది ఫ్లాటు వారి సీలింగును వారితో కలిసి మీరే వెళ్లి చూడండి. ఆ తరువాతే ఇటుక ముక్కలు నింపించండి.