టవర్ ఎక్కే పనికి తమ్ముణ్ణి పంపొచ్చా? నడుం బెల్టు ఇస్తే చాలంటున్నారు

మాచర్ల_కుర్రోడు
అందరికీ నమస్తే. మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఖాళీగా ఉన్నాడు. ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర సెల్ టవర్ల మెయింటెనెన్స్ పని దొరికింది, యాంటెన్నాలు మార్చడం, కేబుల్ లాగడం, పైన ఎర్రలైటు మాడిపోతే మార్చడం లాంటివి. టవర్ పని లేనప్పుడు ఊళ్లలో పంచాయతీ ట్యాంకులు కడగడానికి కూడా పంపుతాడట. వాడికి ఎత్తంటే భయం లేదు, తాటిచెట్లెక్కి పెరిగినోడు, మా అమ్మ టెన్షన్ కూడా అదే. సేఫ్టీ సంగతి అడిగితే నడుముకి కట్టుకునే బెల్టు, తాడు, హెల్మెట్ ఇస్తామన్నాడు. సరిపోతాయా? రేడియేషన్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

రిగ్గర్_రాజమండ్రి
నడుం బెల్టు చూపించాడంటేనే ఆ కాంట్రాక్టర్ సంగతి తెలిసిపోతోంది. పడితే బరువంతా నడుం మీదే పడుతుంది, తాడు ఆపినా వెన్నుపూస పోతుంది, లేదంటే తలకిందులై బెల్టులోంచి జారిపోతాడు. భుజాలకీ తొడలకీ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, వీపు మీద రింగుకి రెండు హుక్కుల లాన్యార్డ్, అంటే మనిషిని టవర్‌కి కలిపి ఉంచే తాడు, దాంట్లో పడ్డప్పుడు సాగి కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉండాలి. రెండు హుక్కులు ఎందుకంటే, ఒకటి తీసి పైన వేసేటప్పుడు రెండోది టవర్‌కి ఉండాలి, అంటే నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ నేల మీద కాలు పెట్టేదాకా ఏ క్షణమూ రెండూ ఊడి ఉండకూడదు. వినడానికి తేలికే కానీ 40 మీటర్ల టవర్ మీద సగానికి వచ్చేసరికి చేతులు లాగేస్తాయి, అప్పుడే "ఈ ఒక్కసారికి" అనిపిస్తుంది. భయం లేనోళ్లతోనే నాకు భయం బాబూ.

ఇంకోటి, హుక్కు కాళ్ల దగ్గర వేస్తే లాభం లేదు. లాన్యార్డ్ రెండు మీటర్లుంటుంది, అబ్జార్బర్ తెరుచుకుంటే ఇంకో మీటరున్నర దాకా సాగొచ్చు, ఆపైన మనిషి పొడుగు. కింద ఐదారు మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడైతే హార్నెస్ ఉండీ నేలకి తగులుతాడు. ఎప్పుడూ తలపైన, టవర్ గట్టి ఇనుప యాంగిల్‌కే వెయ్యాలి, కేబుల్ ట్రేకి కాదు.

రేడియేషన్ అంటావా, కింద ఊళ్లో ఉండేవాళ్లకి లిమిట్ 2012 నుంచే అంతర్జాతీయ లిమిట్‌లో పదోవంతుకి తగ్గించారు. యాంటెన్నా మూతి ముందు నిలబడి పనిచేసేవాడి సంగతి వేరు, ఆ సెక్టార్, అంటే ఆ వైపు సిగ్నల్, ఆపించి, ఆపామని ఫోన్‌లో చెప్పాకే దాని ముందుకెళ్లాలి.

పంపు_ఆపరేటర్
టవర్ గురించి అన్న చెప్పాడు, ట్యాంకు గురించి నేను చెప్తా. ట్యాంకులో ఎత్తు కన్నా లోపల పనే ప్రమాదం. ఎక్కే ముందు ఇనుప నిచ్చెన సిమెంటులో దిగిన చోట చూడు, పైన పెయింట్ మెరుస్తుంటుంది కానీ ఆ మొదట్లో తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది, వేలితో నొక్కితే రాలుతుంది. లోపల మెట్లకి పాచి. మూతలన్నీ తెరిచి గాలాడనివ్వకుండా బ్లీచింగ్ చల్లి దిగారంటే కళ్లు మంటలు, దగ్గు, ఊపిరాడదు. మరకలు పోవాలని బాత్‌రూమ్ యాసిడ్ కూడా పోసేవాళ్లున్నారు, బ్లీచింగ్‌తో అది కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన ట్యాంకులో దాన్ని తట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

మోటారు ఆటో స్టార్టర్ మీద ఉంటే ఫ్యూజు పీకేసి జేబులో పెట్టుకోండి. కరెంటు వచ్చి నీళ్లు మీద పడితే లోపలున్నోడికి పారిపోయే దారుండదు. మూత దగ్గర ఒక మనిషి కదలకుండా ఉండాలి, లోపలున్నోడి హార్నెస్‌కి తాడు. లోపలోడు పడిపోతే పైనోడు దూకకూడదు, తాడుతో లాగాలి. దూకితే ఇద్దరూ పోతారు.

నల్గొండ_నాని
తేనెటీగల మాట ఎవరూ ఎత్తలేదేంటి? ట్యాంకు పొట్ట కింద పెద్ద పట్టు, దూరంనించి చూస్తే నల్ల గోనెపట్టా అతికించినట్టుంటుంది. ఎక్కే ముందు ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడమను. అవి లేచాయంటే మనిషి హుక్కులు పీకి దూకేస్తాడు.

మాచర్ల_కుర్రోడు
థ్యాంక్స్ అన్నలూ. అడిగితే హార్నెస్ మీరే కొనుక్కోండి అంటున్నాడు. ఏమన్నా అయితే డబ్బులు ఎవరిస్తారు?

లేబర్_కేసుల_లాయర్
హార్నెస్ ఇవ్వాల్సింది పని ఇచ్చేవాడే. పనిలో ప్రమాదం జరిగితే 1923 నాటి పరిహారం చట్టం బదులు 2025 నవంబర్ నుంచి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం పని చేయించుకున్న అసలు కంపెనీ మీద కూడా క్లెయిమ్ వెయ్యొచ్చు, సబ్ కాంట్రాక్టర్ అని తప్పించుకోలేరు. జీతం నెలకి 21,000 లోపుంటే ఈఎస్ఐ ఉందా అని అడుగు. కానీ ముందు చేరినట్టు కాగితం ఉండాలి, లేకపోతే మనవాడు అక్కడ పనిచేశాడని రుజువు చేయడానికే ఏళ్లు పడుతుంది. ఈలోగా బ్యాంకులో సురక్షా బీమా కట్టించు, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు. టవర్ పనికి అది చాలదు, లేకపోవడం కన్నా నయం.

రిగ్గర్_రాజమండ్రి
ఇంకో మాట. పడ్డాక హార్నెస్‌లో వేలాడుతూ ఉంటే పట్టీలు తొడల్ని నొక్కేసి, రక్తం కాళ్లలోనే ఆగి నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. 108 వస్తుంది కానీ వాళ్లు టవర్ ఎక్కరు. అందుకే ఇద్దరు రిగ్గర్లు (టవర్ ఎక్కి పనిచేసేవాళ్లు), దించడానికి వేరే తాడు లేకుండా ఎక్కనివ్వకు. ఒకసారి పడ్డ హార్నెస్ మళ్లీ వాడకూడదు, అందుకే పాతది అంటగడితే తీసుకోకు. లేబుల్ మీద హార్నెస్‌ల భారతీయ ప్రమాణం నంబరు ఐఎస్ 3521 అనీ, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. వాళ్ల దగ్గరున్నదేదో ఫోటో తీసి ఇక్కడ పెట్టు, కుట్లు కనపడేలా దగ్గర్నుంచి తియ్యి.