హిమాలయన్ 411కి వెనక 42 పళ్ల స్ప్రాకెట్ వేయొచ్చా? ఘాట్ కోసం

ఘాట్_వైజాగ్:
నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) కంపెనీవే ఉన్నాయి, ముందు 15 పళ్లు, వెనక 38. వీలున్నప్పుడల్లా ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్తుంటాం, వెనక మా ఆవిడ, రెండు పక్కలా బ్యాగులు. హెయిర్‌పిన్ తిరగ్గానే థర్డ్‌లో ఉంటే ఇంజన్ గుద్దుతున్నట్టు ఉంటుంది, సెకండ్‌కి దించితే అరుస్తుంది. మధ్యలో ఇంకో గేరు ఉంటే బాగుండేది. వెనక 42 వేస్తే సరిపోతుందా? మైలేజ్ ఎంత పోతుంది?

చైన్‌లూబ్:
అన్నా, ముందు ఒక సంగతి. స్ప్రాకెట్ మారిస్తే గేర్ల మధ్య దూరం తగ్గదు, అయిదు గేర్లూ కలిసి ఒకేసారి కిందికి దిగుతాయి. మీకు నిజంగా జరిగేది ఏంటంటే, ఇప్పుడు గుద్దుతున్న థర్డ్ ఆ స్పీడ్‌లోనే కాస్త తేలిగ్గా లాగుతుంది. ఇప్పుడు 38ని 15తో భాగిస్తే 2.53, ఈ అంకె పెరిగేకొద్దీ బండి బాగా లాగుతుంది గానీ ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. వెనక 42 అయితే 2.80, అంటే 10 శాతం పైనే తేడా, టాప్ గేర్లో 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) తిరిగే స్పీడ్‌కి 4,400 తిరుగుతుంది. వెనక 38 ఉంచేసి ముందు 14 వేస్తే 2.71, తేడా 7 శాతం. ముందు ఒక్క పన్ను తగ్గితే వెనక దాదాపు మూడు పళ్లు పెంచినట్టే. అందుకే 42 దాకా పోకుండా ముందు 14తో మొదలుపెట్టమంటాను, నచ్చకపోతే పాతది మళ్లీ ఎక్కించేయొచ్చు. దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ కూడా బాగుంటుంది, ఇద్దరు కూర్చుని దిగేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

పానా_బెజవాడ:
లెక్క కరెక్టే గానీ నేను ముందుది తగ్గించను. చిన్న స్ప్రాకెట్ మీద చైన్ ఎక్కువ వంగుతుంది, లింకులు తొందరగా అరుగుతాయి, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీది రబ్బరుకి కూడా చైన్ దగ్గరవుతుంది. బరువుతో ఘాట్లు ఎక్కేవాళ్లు వెనక 40 వేసుకుంటే మంచిది, తేడా 5 శాతమే అయినా తెలుస్తుంది. ఇక చైన్ పొడవు. చైన్ సైజు 520 అయినా 525 అయినా పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 15.875 మి.మీ.నే, వెడల్పే మారుతుంది. వెనక రెండు పళ్లు పెంచితే చక్రం ఇరుసు (యాక్సిల్) దాదాపు 8 మి.మీ. ముందుకి రావాలి, నాలుగు పెంచితే 16. 42కి పాత పొడవు చాలకపోతే రెండు లింకులు ఎక్కువున్న చైన్ కావాలి. అరిగిన చైన్‌కి కొత్త స్ప్రాకెట్ మాత్రం వేయకండి, కొత్త పళ్లు కూడా తినేస్తుంది. మారిస్తే చైన్, రెండు స్ప్రాకెట్లు, మూడూ కలిపి మార్చండి.

హైవే_నల్గొండ:
నా మాట కొంచెం వేరు. మీరు ఏడాదిలో ఎన్ని కిలోమీటర్లు ఘాట్లో తిరుగుతారు, ఎన్ని ప్లెయిన్ రోడ్డు మీద? వైజాగ్ నుంచి ఎస్.కోట దాకా మామూలు రోడ్డే కదా, అక్కడంతా ఎక్కువ ఆర్‌పీఎంలో పోవాల్సి వస్తుంది, పెట్రోల్ కొంత ఎక్కువ తాగుతుంది. ఎంత అన్నది మీ చేతివాటాన్ని బట్టి. ముందు ఎయిర్ ఫిల్టర్, క్లచ్ ప్లే (లివర్‌లో ఉండే కాస్త లూజు), టైర్లలో గాలి, వెనక బ్రేక్ పట్టేస్తోందా అన్నవి చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా థర్డ్ గుద్దుతుంటే అప్పుడు మార్చండి.

ఘాట్_వైజాగ్:
ఫిల్టర్ కొత్తదే, బ్రేక్ ఫ్రీగానే ఉంది. చైన్ ఎలాగూ మార్చే టైమ్ వచ్చింది కాబట్టి వెనక 40 పెట్టి మొత్తం సెట్ వేయిస్తాను. దగ్గరుండి ఏం చూసుకోవాలి?

పానా_బెజవాడ:
ముందు వైపు స్ప్రాకెట్ బిగింపులు చైన్ ఉండగానే, ఒకరు వెనక బ్రేక్ తొక్కి పట్టుకుంటే లూజ్ చేయాలి, చైన్ తీసేశాక అది తిరిగిపోతుంది. వెనక చక్రం ఊడదీసినప్పుడు హబ్‌లో కుష్ రబ్బర్లు (కుదుపు తగ్గించే రబ్బరు ముక్కలు) చూడండి, వేలితో నొక్కితే పగుళ్లు కనిపిస్తే అవీ మార్చేయండి. స్ప్రాకెట్ నట్లు ఎదురెదురుగా బిగించాలి, వరసగా కాదు. చైన్‌ని కలిపేది క్లిప్ లింక్ (క్లిప్‌తో మూసే లింకు) అయితే క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ తిరిగే దిశలో ఉండాలి. చైన్ లూజ్ చూసేటప్పుడు చక్రం తిప్పుతూ అన్నిటికంటే టైట్‌గా ఉన్న చోట కొలవండి, ఇద్దరూ కూర్చున్నాక ఒకసారి మళ్లీ చూడండి. 200 కిలోమీటర్లు తిరిగాక కొత్త చైన్ కొంచెం సాగుతుంది, అప్పుడు మళ్లీ ఒకసారి సెట్ చేయించుకోండి.